చుక్కల చిరునామా

శనివారం అందరు ఇండ్లకు పోయినంక
నల్లగొండల ఈ రెండో అంతస్తు నుంచి
ఇరవై తొమ్మిది మండలాఫీసులకు
ఒక్క ఆదేశంతోని సాఫ్ట్‌వేర్ పంపిన.
బోరునీళ్ళ పరీక్షలు రాసుకునేది.
సోమవారం తాళం తీసేసరికి ఎక్కి ఉండాలె,
ఎవర్నీ ఏమీ అడగొద్దు.
ఆదేశం చివర ఆ మాట సుత రాసిన: మౌనంగ.

తొమ్మిదిన్నరకు చూస్తే
ఒక్కటీ ఎక్కలే.
తప్పు ఇదీ అని చెప్పదు, అయిందీ అనదు,
నీళ్ళందని మోటరు లెక్క
ఊకె తిరుగుతున్నది నీలి చక్రం.
కేబుల్ చూసిన. పాస్‌వర్డ్ చూసిన.
ఛాయ్ తాగొచ్చి మళ్ళా అవే చూసిన.

మర్రిగూడల ఆడిట్ పని మీద ఆగిన ఫర్జానా
ఫోన్ చేసింది.
"అక్కా, ఏందో పెట్టె లేచింది తెర మీద.
పసుపు డాలు, నడుమ ఆశ్చర్యార్థకం.
దీన్ని తయారు చేసినోళ్ళెవరో తెల్వదంట,
నడపాల్నా వద్దా అంటున్నది.
అవునన్నా?"

అప్పుడు సమజైంది.
చండూరుల, నాంపల్లిల, గుర్రంపోడుల
తాళాలేసిన గదులల్ల
ఇదే మాట అడుగుతున్నయి తెరలన్నీ
ఖాళీ కుర్చీలను.

సంతకం లేదు ఫైలు మీద.
టెండరు గెల్చినోళ్ళు పెట్టనే లేదు,
శనివారం రాత్రి ఫోనెత్తరు.
ఒక అడ్డదారి ఉన్నది. ఒక్క వరుస రాస్తే
ఇరవై తొమ్మిది యంత్రాలు
ఇగ ఎప్పటికీ, ఎవర్నీ, ఏదీ అడగయి.
రాసిన.
ఎంటర్ మీద వేలు పెట్టిన.

మా బడి వెనక బోరింగు
ఏ పెట్టె లేపింది?
ఈ నీళ్ళ పుట్టుక తెల్వదు, తాగుతవా, వద్దా అని
ఎవరడిగిన్రు
నా పక్క బెంచీ వసుంధరను?
ఏడో తరగతికే దాని పండ్ల మీద గోధుమ గీతలు,
పదోతరగతి పరీక్షకు
మెట్లెక్కలేక కింద గదిల రాసింది.

వరుస కొట్టేసిన.

మళ్ళా మొదటి నుంచి చదివిన నేనే రాసిన ఆదేశం.
నూట తొంభై రెండు, చుక్క,
నూట అరవై ఎనిమిది, చుక్క...
అగో, అక్కడున్నది.
అంకెలు, చుక్కలు ఉన్న చిరునామా అంటే
బయటి లోకం దానికి.
నా కాలికాడ గుర్రుగుర్రుమంటున్న ఈ నల్లడబ్బాను
పరాయిదనుకున్నది,
నేను పరాయిదాని లెక్క పిలిస్తే.

దీనికొక పేరున్నది.
ఆరేండ్ల కింద ఎవరో ఇంజనీరు పెట్టిండు,
బదిలీ మీద పోయిండు, ముఖం సుత నాకు తెల్వదు.
డిండి.
అంకెలు చెరిపి రెండక్షరాలు రాసిన.

"ఫర్జానా, కాదను."
"కాదనాల్నా?"
"కాదను. ఆ పెట్టె మంచిదే అడిగింది.
మళ్ళా పంపుత, ఈసారి అడగదు."

ఇరుక్కున్నవాటిని దూరం నుంచే ఒక్కొక్కటి ఆపి
మళ్ళా పంపిన.
మర్రిగూడ ఎక్కింది. చండూరు ఎక్కింది.
కిటికీల నుంచి లతీఫ్ సాబ్ గుట్ట మీది దీపాలు,
ఇక్కడ ఒక్కొక్క వరుస పచ్చబడుతున్నది.
సంతకం సంగతి సోమవారం ఉత్తరం రాయాలె.
వాళ్ళు జవాబియ్యరు. అయినా రాయాలె.

పన్నెండు దాటినంక కిందికి దిగితే
ముఖం మీద టార్చి.
"ఎవరది?"
నాలుగేండ్ల సంది చూస్తున్న పెంటయ్యే.
నిద్రమత్తుల కార్డు మీది నంబరు చెప్పిన.
టార్చి దిగలే.

"నేను పెంటన్నా, మాణిక్యమ్మను."
"గట్ల చెప్పరాదు బిడ్డా" అని గేటు తీసిండు.

ఇరవై ఎనిమిది అయినయి.
చింతపల్లిల కరెంటు పోయినట్టున్నది, పలుకుతలేదు.
పొద్దుగాల దేవరకొండ బస్సు
ఎన్నింటికో అడగాలె.